పాజిటివ్ సరే, అది ఏనాటి పాజిటివ్?

వానలు పడి వీధుల్లో నీళ్లు నిలిచాక ఈ శీర్షికకు జ్వరాల ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి చాలామంది ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు కూడా జతచేశారు. అందరిదీ దాదాపు ఒకటే తికమక: యాంటీబాడీ కనిపిస్తే జబ్బు ఉన్నట్టా, కనిపించకపోతే లేనట్టా? యాంటీబాడీ అంటే క్రిమిని పట్టుకునే ప్రొటీన్. వాటిని తయారుచేసేవి మన రక్తంలోని బి కణాలనే తెల్లకణాలు. ఒక్కో క్రిమి ఈ కణాలను ఒక్కో రకంగా ఆడిస్తుంది. కొన్ని ఉసిగొల్పుతాయి, కొన్ని అలసిపోయేలా చేస్తాయి, కొన్ని చంపేస్తాయి, ఒకటైతే వాటిలోనే కాపురం పెడుతుంది. అందుకని ఈ సంచికలో ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. పోయిన ఏడాది జ్వరం వచ్చిన మూడో రోజునే విడాల్ చేయించాం. ఓ 1:160, హెచ్ 1:320 వచ్చింది. టైఫాయిడ్ అని వారం రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఈ ఏడాది మళ్లీ జ్వరం, మళ్లీ అవే అంకెలు. టైఫాయిడ్ రక్తంలో ఉండిపోయిందంటున్నారు. ఎన్నాళ్లు మందు వాడాలి?
– ఒక తల్లి, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: రక్తంలో ఉండిపోయింది క్రిమి కాదమ్మా, బహుశా దాని జ్ఞాపకం. ఆ రెండు జ్వరాల్లో ఒక్కటైనా టైఫాయిడేనా అన్నది కూడా ఆ కాగితంతో తేలదు.

విడాల్ 1896 నాటి పరీక్ష. రక్తం నుంచి తీసిన సీరమ్‌ను 20, 40, 80, 160, 320 రెట్లు పలచన చేసుకుంటూ పోయి, ప్రతిదాంట్లో చచ్చిన టైఫాయిడ్ క్రిముల ద్రావణం కలుపుతారు. ఎంత పలచన దాకా క్రిములు గుంపు కడుతున్నాయో అదే టైటర్. 1:160 అంటే 160 రెట్లు పలచన చేసినా గుంపు కట్టాయని అర్థం. జ్వరం తీవ్రతకీ ఆ అంకెకీ సంబంధం లేదు. ఇందులో కొలిచేది యాంటీబాడీని, క్రిమిని కాదు. ‘ఓ’ అంటే క్రిమి పైపూతకు పుట్టిన యాంటీబాడీ, ‘హెచ్’ అంటే క్రిమి ఈదే తోకకు పుట్టినది.

ఇక ఆ యాంటీబాడీ ఎప్పుడు పుడుతుందో చూడండి. మన ఒంట్లో కోట్లాది బి కణాలుంటాయి. ఒక్కోదాని పైన ఒక్కో ఆకారపు గ్రాహకం ఉంటుంది. వచ్చిన క్రిమికి సరిపడేవి వాటిలో ఏ కొన్నో ఉంటాయి. అవి మేల్కొని, చీలి, వందలు వేలు కావాలి. కాలికి గాయమై చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది కదా, ఆ బిళ్ళలో జరిగేది ఈ పనే. మొదట హడావుడిగా కొన్ని కణాలు ఐజీఎం అనే ముతక రకం యాంటీబాడీని వదులుతాయి. మిగతావి అక్కడే ఉండి, సహాయక టి కణాలనే మరో రకం తెల్లకణాల పర్యవేక్షణలో తమ యాంటీబాడీ జన్యువులను కావాలనే మార్చుకుంటూ పదును పెట్టుకుంటాయి. బాగా అతుక్కునేవి బతుకుతాయి, అతుక్కోనివి చస్తాయి. ఇలా వారం పది రోజులు వడకట్టాక ఐజీజీ రకం పుంజుకుంటుంది. వీటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి ఎముక మజ్జలో స్థిరపడతాయి. ఒక్కో ప్లాస్మా కణం సెకనుకు వేలల్లో యాంటీబాడీలు వదలగలదు. ఇంకొన్ని ‘మెమరీ’ కణాలై, మళ్లీ అదే క్రిమి వస్తే లేద్దామని కూర్చుంటాయి.

ఒక ఐజీజీ అణువు రక్తంలో ఎంతోకాలం ఉండదు. సుమారు 21 రోజులకు ఉన్నదాంట్లో సగం పోతుంది. ఏడాది తర్వాత కూడా టైటర్ కనిపించిందంటే అది పాత సరుకు మిగలడం కాదు, మజ్జలో కూర్చున్న కణాలు ఇంకా తయారు చేస్తూనే ఉన్నాయి. హెచ్ యాంటీబాడీ ఇలా ఏళ్ల తరబడి ఉంటుంది. డెంగీ, మలేరియా లాంటి వేరే జ్వరం వచ్చినా పాత మెమరీ కణాలు నిద్రలేచి టైటర్‌ను కాసేపు పెంచుతాయి. టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా కుటుంబానిది; ఆ కుటుంబంలోని ఇతర క్రిముల పూతా దీని పూతా కొంత ఒకేలా ఉండటం మరో తంటా.

టైఫాయిడ్‌లో ‘ఓ’ యాంటీబాడీ మామూలుగా జ్వరం మొదలైన 6–8 రోజులకు, హెచ్ 10–12 రోజులకు కనిపిస్తాయి. మీరు మూడో రోజునే చేయించారు. అప్పటికే హెచ్ 1:320 ఉందంటే అది పాతది కావడానికే అవకాశం ఎక్కువ. విడాల్‌తో నిజంగా ఏదైనా చెప్పాలంటే 7–10 రోజుల తేడాతో రెండుసార్లు, ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయాలి. టైటర్ నాలుగు రెట్లు, అంటే 1:80 నుంచి 1:320కి పెరిగితే దానికి అర్థముంది. అది కూడా యాంటీబయాటిక్ ముందే మొదలైతే పెరగకపోవచ్చు, ఎందుకంటే బి కణాలకు పాఠం పూర్తికాకుండానే క్రిమి పోతుంది.

మరి ఏం చేయించాలి? బ్లడ్ కల్చర్. మొదటి యాంటీబయాటిక్ మాత్ర వేసుకోక ముందే. పెద్దవాళ్లకు కనీసం 10 మి.లీ., చిన్నపిల్లలకు 2–4 మి.లీ. రక్తం పట్టాలి. పెద్దవాడి దగ్గర 2 మి.లీ. తీసి కల్చర్‌కు పంపితే క్రిమి ఉన్నా దొరకదు, టైఫాయిడ్‌లో మి.లీ. రక్తానికి ఒక్క క్రిమి కూడా లేకపోవచ్చు. రక్తం పోసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కల్చర్ టైఫాయిడ్‌ను ప్రతిసారీ పట్టుకోలేదు. అయితే పట్టుకున్నప్పుడు ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని టైఫాయిడ్ మన దగ్గర మామూలైపోయింది కాబట్టి ఆ మాట విలువైనది.

టైటర్ తగ్గేదాకా ఇంజెక్షన్లు పొడిగించడం దండగ. మందు క్రిమిని చంపుతుంది, మజ్జలోని కణాలకు పని మాన్పించదు. జ్వరం తగ్గాక విడాల్ మళ్లీ చేయించకండి. టైఫాయిడ్ క్రిమి నిజంగా ఉండిపోయే చోటు ఒకటుంది, అది పిత్తాశయం. కొద్దిమందిలోనే అలా జరుగుతుంది, వాళ్లకు జ్వరం ఉండదు. దాన్ని మలం కల్చర్‌తో తేలుస్తారు.

టైఫాయిడ్ రెండోసారి రావడం మాత్రం అబద్ధం కాదు. ఎలుకల మీద చేసిన పరిశోధనలో సాల్మొనెల్లా తన పూతలోని ఒక ప్రొటీన్‌తో మజ్జలోని ప్లాస్మా కణాలను వాటి చోటు నుంచి గెంటేస్తున్నట్టు తేలింది. అద్దెకున్నవాళ్ల సామాన్లు బయట పడేసినట్టే. మనుషుల్లోనూ ఇంతేనని ఖాయంగా చెప్పలేం గానీ, ఒకసారి వస్తే చాలు ఇక రాదనే ధీమా టైఫాయిడ్ విషయంలో పనికిరాదు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా 6 నెలల వయసు నుంచి వేస్తారు, ఒక్క డోసు 0.5 మి.లీ. పాత రకం టీకాలో క్రిమి చక్కెర పూత మాత్రమే ఉండేది. చక్కెరను చూపిస్తే సహాయక టి కణాలు కదలవు, అందుకే రెండేళ్లలోపు పిల్లల్లో అది పనిచేసేది కాదు. కాంజుగేట్‌లో ఆ చక్కెరను ధనుర్వాతం టాక్సాయిడ్ లాంటి ప్రొటీన్‌కు అతికిస్తారు. ప్రొటీన్‌ను చూసి టి కణం వస్తుంది, చక్కెరకు యాంటీబాడీ తయారవుతుంది. ఈ టీకా వల్ల విడాల్ పెరగదు, విడాల్ కొలిచేది వేరే భాగాలను.

ప్రశ్న: మా ఆయనకు జ్వరం నాలుగో రోజు. ఒక ల్యాబులో ఎన్ఎస్1 నెగెటివ్, ఐజీఎం నెగెటివ్, ఐజీజీ పాజిటివ్. ‘పాత డెంగీ, ఇప్పుడు లేదు’ అన్నారు. ఆరో రోజు ప్లేట్‌లెట్లు 42,000. స్లైడులో ‘అసహజ లింఫోసైట్లు’ ఉన్నాయని రాశారు. ఇంట్లో అందరం బ్లడ్ క్యాన్సరేమోనని వణికిపోయాం. ఇప్పుడు కోలుకున్నారు. అసలేం జరిగింది?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు రాసిన క్రమాన్ని బట్టి ఇది రెండోసారి వచ్చిన డెంగీలా ఉంది.

మొదటిసారి డెంగీ అయితే ఎన్ఎస్1, అంటే డెంగీ వైరస్ ప్రొటీన్, మొదటి రోజు నుంచే దొరుకుతుంది, ఐజీఎం నాలుగైదు రోజులకు వస్తుంది, ఐజీజీ పది రోజులు దాటాక గానీ రాదు. రెండోసారి అయితే మెమరీ కణాలు సిద్ధంగా ఉంటాయి. నాలుగో రోజుకే ఐజీజీ ఉప్పెనలా లేస్తుంది, ఐజీఎం కొద్దిగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. ఆ ఐజీజీ వెళ్లి ఎన్ఎస్1ను కప్పేయడంతో కిట్టుకు అదీ దొరకదు. కాబట్టి జ్వరం ఉన్నప్పుడు నాలుగో రోజు ఐజీజీ పాజిటివ్‌ను ‘పాతదే’ అని కొట్టిపారేయడం పొరపాటు. మన ప్రాంతంలో ఎక్కువ ముప్పున్నది ఈ రెండోసారి డెంగీతోనే.

ఎందుకంటే డెంగీ వైరస్ నాలుగు రకాలు. మొదటి రకానికి తయారైన యాంటీబాడీ రెండో రకానికి సగం సగం అతుకుతుంది. చంపేంత గట్టిగా కాదు, పట్టుకునేంత మాత్రమే. ఆ యాంటీబాడీ తోకను పట్టుకుని తెల్లకణాలు వైరస్‌ను లోపలికి మింగుతాయి. డెంగీ వైరస్ పెరిగేది ఆ కణాల్లోనే! పోలీసు జీపులో దొంగ ఊళ్లోకి దిగినట్టు. మెమరీ కణాలు వేగంగా రావడమే ఇక్కడ చిక్కు తెస్తుంది, అవి కొత్త రకానికి కాక పాత రకానికి నేర్చిన పాఠం ఒప్పజెబుతాయి. ఒక డెంగీ టీకాను అంతకుముందు డెంగీ రాని పిల్లలకు వేయకూడదని 2017లో తేల్చింది కూడా ఈ కారణంగానే.

స్లైడులో కనిపించిన ‘అసహజ’ కణాలు చాలావరకు ప్లాస్మాబ్లాస్టులు, అంటే యాంటీబాడీ తయారీకి పరుగెత్తుతున్న బి కణాలు. డెంగీలో 6, 7 రోజుల ప్రాంతంలో ఇవి రక్తంలో వరద కడతాయి. ఇంకే జ్వరంలోనూ ఇంతగా కనిపించడం అరుదు. ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. జ్వరం తగ్గిన రెండు వారాలకు సీబీపీ మళ్లీ చేయించి, స్లైడు మామూలైందో లేదో చూసుకోండి. అప్పటికీ ఆ కణాలుంటేనే రక్తవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన అవసరం.

ఇంట్లో ఇంకెవరికైనా వస్తే గుర్తుంచుకోండి: ప్రమాదం జ్వరం దిగే రోజుల్లో, 3 నుంచి 7 రోజుల మధ్య. ఆగకుండా కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, మూత్రం తగ్గడం ఉంటే ప్లేట్‌లెట్ల అంకె ఎంతున్నా ఆసుపత్రిలో చేర్చాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10,000 లోపు పడితే తప్ప ఎక్కించడం వల్ల సాధారణంగా లాభం లేదు. ప్లేట్‌లెట్ల కంటే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడాన్ని జాగ్రత్తగా చూడాలి. రక్తం చిక్కబడుతోందంటే నాళాల నుంచి నీరు కారిపోతోందని అర్థం.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. మూడున్నర నెలలప్పటి టీకాలతో ఆపేశాం. మొన్న సంక్రాంతికి తట్టు పోసింది. అమ్మవారని వేపాకులు కట్టి ఊరుకున్నాం. తగ్గింది. అప్పట్నుంచి చెవిలో చీము, రెండుసార్లు న్యుమోనియా. తట్టుకీ దీనికీ సంబంధం ఉందా? మళ్లీ అన్ని టీకాలూ మొదట్నుంచి వేయించాలా?
– మంగళగిరి, గుంటూరు జిల్లా

జవాబు: సంబంధం గట్టిగా ఉంది. తట్టు వైరస్ కణంలోకి దూరే తలుపు మెమరీ బి కణాల మీద, మెమరీ టి కణాల మీద దండిగా ఉంటుంది. అంటే ఇంతకాలం బాబు ఒంట్లో పోగైన జ్ఞాపకాన్నే అది వెతికి చంపుతుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తర్వాత పోల్చి 2019లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లల్ని బట్టి 11 నుంచి 73 శాతం దాకా పాత యాంటీబాడీలు పోయాయని తేలింది. జలుబు, న్యుమోనియా, చెవి చీము క్రిములకు అంతకుముందు సంపాదించుకున్నవన్నమాట. విచిత్రం ఏమిటంటే తట్టుకు మాత్రం కొత్త యాంటీబాడీ బ్రహ్మాండంగా వస్తుంది. ఇంటి సామానంతా ఎత్తుకెళ్లి తన ఫొటో మాత్రం గోడకు తగిలించి పోయినట్టు. ఈ మరపు ప్రభావం రెండు మూడేళ్ల దాకా ఉండొచ్చు. టీకాలోని బలహీనపరిచిన తట్టు వైరస్ ఇలా చేయదు, ఆ పరిశోధనలోనే టీకా వేయించుకున్న పిల్లల్లో ఈ నష్టం కనిపించలేదు.

వేసిన టీకాలను మొదట్నుంచి మళ్లీ వేయాలని మన టీకాల పట్టికలో లేదు. ఆపేసిన చోటు నుంచి అందుకోవాలి. తట్టు వచ్చిపోయినా ఎంఆర్ టీకా వేయించాలి, అందులో రుబెల్లా కూడా ఉంది. మామూలుగా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16–24 నెలల మధ్య. ఆలస్యమైన పిల్లలకూ ఇస్తారు, రెండింటి మధ్య కనీసం నెల ఎడం ఉండాలి. డీపీటీ, పోలియో బూస్టర్లు బాకీ ఉన్నాయి. న్యుమోకాకస్ టీకా అన్నిటికంటే ముఖ్యం. రెండేళ్లు దాటిన బాబుకి సాధారణంగా ఒక్క డోసు చాలు. ప్రభుత్వ టీకా ఏడాదిలోపు మొదలుపెట్టిన పిల్లలకే కాబట్టి, బాబుకి అప్పట్లో అది మొదలుపెట్టకపోయి ఉంటే బయట కొనాల్సి రావచ్చు. మీ వార్డు సచివాలయం ఏఎన్ఎంకి కార్డు చూపించి బాకీల జాబితా రాయించుకోండి.

నెలల తరబడి చీము కారుతోంది కాబట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. దగ్గు రెండు వారాలు దాటినా, బరువు పెరగకపోయినా క్షయ పరీక్ష అడగండి, తట్టు తర్వాత అది తలెత్తుతుంది. వీధిలో ఇంకే బిడ్డకైనా తట్టు వస్తే వేపాకులు కట్టుకోండి, ఎవరూ కాదనరు, కానీ విటమిన్ ఎ వేయించండి: ఆరు నెలల్లోపు 50 వేల యూనిట్లు, 6–11 నెలల వాళ్లకు లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు, వరుసగా రెండు రోజులు.

ప్రశ్న: పాపకు ముక్కు కారుతోంది. ఇవాళ టీకా రోజు. వేయించొచ్చా? జ్వరం రాకుండా ముందే సిరప్ పట్టమంటున్నారు.
– పటమట, విజయవాడ

జవాబు: వేయించండి. జలుబు, కొద్దిపాటి దగ్గు, ఒకటి రెండు నీళ్ల విరేచనాలు టీకాను ఆపవు. ఆ జలుబుతో పనిలో ఉన్న బి కణాలు వేరు, టీకాకు లేచేవి వేరు. వాయిదా వేయాల్సింది బాగా జ్వరంతో నీరసించి ఉన్నప్పుడే. సిరప్ ముందుగా వద్దు. టీకా తర్వాత జ్వరం వచ్చి పాప చిరాకుపడితే అప్పుడు పట్టండి. ముందే పారాసిటమాల్ పట్టిన పిల్లల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీ కాస్త తక్కువగా వచ్చినట్టు పరిశోధనల్లో చూశారు.

ప్రశ్న: మా తమ్ముడికి 17 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు. గొంతునొప్పి, మెడ రెండు పక్కలా బిళ్ళలు, పది రోజులుగా జ్వరం. అమాక్సిసిలిన్ వేస్తే ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) అని తేల్చారు. విడాల్ కూడా పాజిటివ్ వచ్చింది! రెండు జబ్బులా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చాలావరకు ఒక్కటే. పైన కాపురం పెట్టే వైరస్ ఉందన్నాం కదా, అది ఇదే. 1964లో బుర్కిట్ అనే క్యాన్సర్ కణితి కణాల్లో దొరికింది. బి కణం పైనున్న ఒక గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి దూరి, ‘నీకు పనిపడింది, చీలు’ అని దొంగ సంకేతం ఇస్తుంది. నిజంగా ఏ క్రిమీ పిలవకుండానే రకరకాల బి కణాలు చీలి, వేటికి పడితే వాటికి యాంటీబాడీలు వదులుతాయి. గొర్రె, గుర్రం ఎర్రకణాలను గుంపు కట్టించే యాంటీబాడీలు కూడా! ఈ జబ్బుకు చేసే ఒక పాత పరీక్ష దానిమీదే నడుస్తుంది. ఆ గందరగోళంలో విడాల్ పాజిటివ్ రావడం వింత కాదు. బ్లడ్ కల్చర్ లేకుండా దానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టనివ్వకండి.

జబ్బు తగ్గాక వైరస్ మెమరీ బి కణాల్లో చప్పుడు చేయకుండా జీవితాంతం ఉంటుంది. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా దీన్ని మోస్తూనే ఉంటారు, అది తెలిసే అవసరమూ రాదు. టి కణాల కాపలా సడలినప్పుడే, ఉదాహరణకు అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లలో, ఆ బి కణాలు కణితులుగా మారే ప్రమాదం.

దద్దుర్లు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్‌లకు ఈ జబ్బులో తరచూ వస్తాయి. దాన్ని బట్టి జీవితాంతం పెన్సిలిన్ పడదని రాసేయకూడదు, తర్వాత అలర్జీ డాక్టరుతో తేల్చుకోవాలి. ప్లీహం ఉబ్బి ఉంటుంది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం నాలుగు వారాలు కబడ్డీ కూత బంద్. ఎడమ పక్క డొక్కలో గానీ ఎడమ భుజంలో గానీ హఠాత్తుగా నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రి.

ప్రశ్న: మాది పాడేరు వైపు. చిన్నప్పుడు మలేరియా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, చివరికి వచ్చినా తెలిసేది కాదు. పదేళ్లుగా విజయవాడలో ఉంటున్నా. మొన్న పండక్కి వెళ్లొస్తే మలేరియా చావగొట్టింది. ఆ శక్తి ఏమైంది?
– వన్ టౌన్, విజయవాడ

జవాబు: కరిగిపోయింది. ఫాల్సిపారం మలేరియా క్రిమికి పైచొక్కా జన్యువులు 60 దాకా ఉంటాయి. ఒక చొక్కాకు యాంటీబాడీ తయారయ్యేసరికి ఇంకోటి తొడుక్కుంటుంది. ఏటా కుట్టించుకుంటూ ఉంటే ఒక్కో చొక్కాకు ఒక్కో యాంటీబాడీ పోగవుతూ ఒంటికి ఓర్పు వస్తుంది. కానీ మలేరియా పదేపదే వచ్చేవాళ్లలో బి కణాలు ఎక్కువభాగం ఒక అలసిన రకంగా మారతాయి. అవి పిలిస్తే పలకవు, యాంటీబాడీ సరిగా వదలవు. ఎక్కువకాలం బతికే ప్లాస్మా కణాలూ తక్కువే. దోమకాటు ఆగిపోతే కొన్నేళ్లలో ఆ రక్షణ జారిపోతుంది.

కాబట్టి ఊరికి వెళ్లేటప్పుడు మిమ్మల్ని మీరు బస్తీ మనిషిగానే లెక్కేసుకోండి. మందుపూత దోమతెర, తిరిగొచ్చాక జ్వరమైతే అదే రోజు రక్తపరీక్ష. ఇక్కడా ఒక పాత పాజిటివ్ ఉంది: కిట్టులో ఫాల్సిపారం గీత యాంటీబాడీది కాదు, క్రిమి వదిలిన ప్రొటీన్‌ది. క్రిమి చచ్చాక కూడా కొన్ని వారాలు ఆ గీత కనిపిస్తుంది. మందు వాడాక అనుమానమొస్తే కిట్టు కాదు, స్లైడు చేయించండి. వైవాక్స్ రకం మలేరియా అయితే క్రిమి కాలేయ కణాల్లో దాక్కుంటుంది, యాంటీబాడీ అక్కడికి చేరదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం లేదని పరీక్షలో చూసుకుని ప్రైమాక్విన్ 14 రోజులూ పూర్తిచేయాలి. మూడో రోజుకు జ్వరం తగ్గిందని ఆపేస్తే అది మళ్లీ వస్తుంది.

ప్రశ్న: హెచ్ఐవీకి ఆరేళ్లుగా మందులు వాడుతున్నా. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకుంటే యాంటీబాడీ 6 మాత్రమే వచ్చింది. కానీ మొత్తం ఐజీజీ మామూలు కంటే ఎక్కువుందట. ఎక్కువుండీ పనికిరాకపోవడమేంటి?
– తెనాలి

జవాబు: పంటలో కలుపు ఎక్కువ, గింజ తక్కువ. హెచ్ఐవీ ప్రధానంగా దెబ్బతీసేది సహాయక టి కణాలను. బి కణాలకు పదును పెట్టించే టి కణాలు ఉండేది లింఫు గ్రంథుల్లో, వైరస్ దాక్కునేదీ అక్కడే. మరోవైపు ఏళ్ల తరబడి ఒంట్లో రగిలే మంటకు బి కణాలు ఊరికే ఉలిక్కిపడి గురి లేని ఐజీజీని కుమ్మరిస్తాయి. అందువల్ల మొత్తం ఎక్కువ, కావలసినదానికి తక్కువ. మందులు బాగా పనిచేస్తుంటే ఇది చాలావరకు కుదురుకుంటుంది గానీ, మెమరీ కణాల లోటు పూర్తిగా పూడకపోవచ్చు.

రక్షణకు లీటరుకు 10 యూనిట్లు దాటాలి. ముందు హెపటైటిస్ బి ఇప్పటికే సోకలేదని హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ పరీక్షలతో రూఢి చేసుకుని, రెట్టింపు డోసుతో, అంటే 40 మైక్రోగ్రాములతో, 0, 1, 6 నెలలకు మళ్లీ వేస్తారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లోనే టైటర్ చూడాలి. ఏడాది ఆగి చూస్తే రక్షణ వచ్చి తగ్గిందో, అసలు రాలేదో తెలియదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అణిగి ఉన్న సమయంలో వేయించుకోవడం మేలు. భుజంలోనే వేయించుకోండి. పిరుదులో వేస్తే మందు కొవ్వులో పడి స్పందన తగ్గుతుంది. మొదటిసారి ఎక్కడ వేశారో ఓసారి గుర్తుచేసుకోండి. సీడీ4 (సహాయక టి కణాల లెక్క) 200 లోపుంటే బతికున్న వైరస్ టీకాలు వద్దు.

ప్రశ్న: 2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో జీబీఎస్ కేసులని పేపర్లలో వచ్చినప్పటి నుంచి భయంగా ఉంది. విరేచనాలకీ కాళ్లు పడిపోవడానికీ సంబంధమేంటి? ఐవీఐజీ అంత ఖరీదెందుకు? మా చెల్లెలి కూతురికి రెండేళ్లు, ఈ మధ్యే ఆ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు నడుస్తోంది. ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?
– పాత గుంటూరు

జవాబు: జీబీఎస్ అంటే గీయన్-బారీ సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు. ఇది అంటుకునేది కాదు. యాంటీబాడీ గురి తప్పడం వల్ల వచ్చేది. సరిగా ఉడకని కోడిమాంసం, కలుషితమైన నీటి ద్వారా కాంపైలోబాక్టర్ అనే క్రిమి విరేచనాలు తెస్తుంది. దాని పూతలోని కొన్ని చక్కెరలు మన నరాల పైనున్న చక్కెరల్లాగే ఉంటాయి. క్రిమి కోసం బి కణాలు చేసిన యాంటీబాడీ నరాన్నీ పట్టుకుంటుంది. విరేచనాలు తగ్గిన ఒకటి నుంచి మూడు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై పైకి పాకడం అందుకే. యాంటీబాడీ తయారవడానికి పట్టే వ్యవధి అది. కాంపైలోబాక్టర్ సోకినవాళ్లలో అతి కొద్దిమందికే ఇలా జరుగుతుంది. గొంతుక్కూర్చున్నవాళ్లు లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, మింగుడు పడకపోవడం కనిపిస్తే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవు.

ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా కలిపి తీసిన ఐజీజీ. మొత్తం మోతాదు కిలో బరువుకు 2 గ్రాములు, రోజుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు. 60 కిలోల మనిషికి 120 గ్రాములు. ఒక్క రోగికి అంత ప్లాస్మా పోగుచేయాలంటే ఎంతమంది రక్తమివ్వాలో ఊహించుకోండి, ఖరీదు అక్కడిది. దీనికి బదులు ప్లాస్మా మార్పిడి కూడా సమానంగా పనిచేస్తుంది, అందులో చెడ్డ యాంటీబాడీని ఏకంగా తీసిపారేస్తారు. రెండూ మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే మంచి ఫలితం.

పాప విషయంలో చూసుకోవాల్సింది ముఖ్యంగా రెండు. ఇప్పుడు ఆమె రక్తంలో తిరుగుతున్నవి చాలావరకు ఇతరుల యాంటీబాడీలు. వచ్చే కొన్ని నెలల్లో ఏ జ్వరానికైనా ఐజీజీ పరీక్ష చేస్తే డెంగీ, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ, ఏదైనా పాజిటివ్ రావచ్చు. అది దాతలది, పాపది కాదు. ల్యాబుకు వెళ్లేముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. రెండోది ఎంఆర్, ఆటలమ్మ టీకాలు. అవి బతికున్న వైరస్‌లు కావడంతో ఒంట్లో ఉన్న అరువు యాంటీబాడీ వాటిని పెరగనివ్వకుండా చంపేస్తుంది. పాప బి కణాలకు పాఠమే అందదు, కార్డులో మాత్రం వేసినట్టు పడుతుంది. కిలోకు 2 గ్రాములు ఇచ్చాక ఈ రెండు టీకాలకూ 11 నెలలు ఆగాలి. డీపీటీ లాంటి చచ్చిన క్రిమి టీకాలకు ఐవీఐజీ అడ్డు కాదు. కానీ జీబీఎస్ వచ్చింది కాబట్టి ఏది ఎప్పుడు వేయాలో పిల్లల నరాల డాక్టరును అడిగాకే. డిశ్చార్జి కాగితంలో ఐవీఐజీ చివరి డోసు తేదీ, మొత్తం ఎన్ని గ్రాములో రాయించుకుని, ఆ కాగితం ఫొటోను టీకా కార్డుకు పిన్ను కొట్టి ఉంచండి.